లేత గడ్డిరంగు

నాలుగో ముక్క కూడా ఇరవై నాలుగే చూపించింది.

తిలకవతి స్క్రీను మీది అంకెను రిజిస్టరులోకి ఎక్కించి, యంత్రం దవడల మధ్య నుంచి తెగిన ముక్కలు రెండూ బయటికి తీసింది. తెగిన చోట వేలు తగలకుండా చివర్లు పట్టుకుని, రెండింటి మీదా మార్కరుతో 4 అని రాసి ట్రేలో పెట్టింది. అంతకుముందు లాగిన మూడూ అక్కడ వరసగా ఉన్నాయి. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. రావలసింది కనీసం ముప్పై అయిదు.

అది కారు తలుపుకు బయటివైపు వేసే ఉక్కు రేకు. అచ్చులో నొక్కేటప్పుడు మెత్తగా లొంగాలి. రంగు వేసి వేడిలో ఆరబెట్టాక గట్టిపడాలి. లేకపోతే ఎవరైనా తలుపు మీద బొటనవేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. ఆ గట్టిపడడం ఎంతో కొలవడం తిలకవతి పని. సన్నటి నడుమూ వెడల్పు చివర్లూ ఉండేలా కోసిన ముక్కను యంత్రంలో బిగించి, నూటికి రెండు వంతులు సాగదీస్తుంది. అప్పుడది ఎంత బలానికి ఓర్చుకుందో రాసుకుంటుంది. తరవాత విప్పి, నూట డెబ్బై డిగ్రీల ఓవెన్‌లో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లారనిచ్చి, మళ్ళీ తెగేదాకా లాగుతుంది. ఈసారి లొంగడానికి ఎంత బలం ఎక్కువ కావలసివచ్చిందో అదే రిపోర్టులోకి ఎక్కే అంకె. ఓవెన్ వేడి పెంచితే ఆ అంకే పెరుగుతుంది.

అయిదో ముక్కను ఓవెన్ నుంచి తీసేసరికి దామోదరన్ వచ్చాడు. మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఆ ల్యాబులో అందరికంటే పాతవాడు ఆయనే. రిటైరయ్యాక ఏడాదికోసారి ఉత్తర్వు పొడిగించుకుంటూ మూడేళ్ళుగా కొనసాగుతున్నాడు. అక్కడ అందరిదీ తమిళమే. దామోదరన్, తిలకవతి ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం ఇంటి తెలుగు బయటికొచ్చేది.

"ఏంది తిలకా, మొగం అట్ట పెట్టుకోనుండావ్?"

"చూడన్నా. ఒగటన్నా ముప్పై దాటలా."

ఆయన రిజిస్టరు చూడలేదు. ముందు మైక్రోమీటరు అందుకుని, ఇంకా లాగని ఆరో ముక్క మందం మూడుచోట్ల కొలిచాడు. ఓవెన్ తలుపు తీసి, లోపల వేలాడుతున్న థర్మామీటరును, బయటి అంకెను సరిపోల్చాడు. యంత్రం దవడల్లో ముక్క నిటారుగా కూర్చుంటోందో లేదో వంగి చూశాడు. అప్పుడు రిజిస్టరు తిప్పాడు.

"నీ చెయ్యి సరిగానే ఉండాది. రేకులోనే లేదు సరుకు."

"సారుకి ఏం చెప్పేది?"

"వచ్చింది చెప్పు. ఇంగేం చెప్తావ్?"

మర్నాడు మంగళవారం ల్యాబు యజమాని విజయరంగన్ తన గదిలోకి పిలిచాడు. తిలకవతి రాసిచ్చిన కాగితం ఆయన ముందు ఉంది. ఆరు అంకెల కింద, సగటు ఇరవై నాలుగు అన్నచోట, పెన్సిలుతో చిన్న సున్న చుట్టి ఉంది.

"కూర్చో తిలకవతీ. ఈ కారు కంపెనీ పని మనకు కొత్తగా వస్తోంది. ఇది సరిగా పోతే ఏడాదంతా పరీక్షలు మనవే. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఇంకో ఆరు ముక్కలు చెయ్యి."

"చేస్తాను సార్. కానీ అంకె ఇదే వస్తుంది."

"ఈసారి ఓవెన్ కొంచెం చూసుకుని చెయ్యి."

"చూసుకునే చేశాను సార్. నూట డెబ్బై."

విజయరంగన్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నేను చెప్పింది నీకు అర్థం కాలేదా, అర్థం కానట్టు ఉంటున్నావా? ఓవెన్ చూసుకుని చెయ్యి. ఓ యాభై అటూ ఇటూ అయితే ఎవరికి తెలుస్తుంది? సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళ జాబితాలో ఈ నెలలో నీ పేరు కలుపుతున్నాను. మొదటి రిపోర్టే ఇది. ఫెయిల్ అని పంపుతావా?"

తిలకవతి కుర్చీ చేతిని పట్టుకుంది. పన్నెండేళ్ళుగా ఆమె కొలిచిన అంకెల కింద ఇంకొకరి సంతకమే పడుతూ వచ్చింది.

"నూట డెబ్బై దాటించను సార్."

ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, ఆమె కాగితాన్ని నాలుగు మడతలు వేసి సొరుగులో పడేశాడు.

"సరే. దామోదరన్‌ను రమ్మను."

దామోదరన్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. పది నిమిషాలకు బయటికి వచ్చాడు. తిలకవతి యంత్రం దగ్గరే నిలబడి ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. అయినా ఆయన తమిళంలోనే, ఆమె మొహంకేసి చూడకుండా చెప్పాడు.

"పరీక్షకు వచ్చిన కాంక్రీటు దిమ్మెలు చాలా పోగుపడ్డాయి. రేపటిదాకా నువ్వవి చూడు. ఇది నేను చూసుకుంటా."

బుధవారం పొద్దుటినుంచి ఆమె వెనక షెడ్డులో దిమ్మెలు పగలగొడుతూనే ఉంది. దిమ్మెను ఎత్తి ప్రెస్సు మధ్యలో పెట్టడం, పగిలాక తుక్కు ఊడ్చడం, అంకె రాయడం. మధ్యాహ్నం చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి లోపలికి వచ్చింది. దామోదరన్ టీకి వెళ్ళినట్టున్నాడు. యంత్రం పక్కన కొత్త ట్రే ఉంది. ఆరు ముక్కలు, ఆయన గుండ్రటి చేతివ్రాతతో నంబర్లు. రిజిస్టరులో ఎదురుగా ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు.

ఆమె ఒక ముక్కను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. పూత లేని రేకు అది. నూట డెబ్బైలో పెట్టినా తెల్లటి బూడిదరంగు మారదు. ఈ ముక్క మీద మాత్రం, వెలుతురుకు అడ్డంగా వంచితే, లేత గడ్డిరంగు కనిపించింది. నూనె మరక అనుకుని స్పిరిట్ తడిపిన దూదితో రుద్దింది. పోలేదు. రెండు వందలు దాటితే ఉక్కు ఆ రంగు తిరగడం మొదలుపెడుతుందని, ఇంకా పైకి పోతే గోధుమరంగు, ఊదా, చివరికి నీలం వస్తాయని ఆమెకు నేర్పింది దామోదరనే.

చేతిలో ముక్క ఉండగానే ఆయన వచ్చాడు.

"అన్నా, ఓవెన్ ఎంతలో పెట్టినావ్?"

"నూట డెబ్బై," అన్నాడు తమిళంలో.

"ఇది చూడు."

ఆయన చూడలేదు. ముక్కను ఆమె చేతిలోంచి తీసుకుని, ట్రేలో దాని నంబరు ప్రకారం ఉండాల్సిన చోట పెట్టాడు. అంచులు సమంగా సర్దాడు.

"నా ట్రే ముట్టుకోవద్దు తిలకవతీ," అన్నాడు. ఆయన ఆమెను పూర్తి పేరుతో పిలవడం అదే మొదటిసారి.

సాయంత్రం ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆమె ఆ కొత్త ట్రేలోంచి రెండో నంబరు ముక్క సగాన్ని, తన పాత ట్రేలోంచి నాలుగో నంబరు సగాన్ని తీసి చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో వేసుకుంది.

మూలకుళంలోని ఇంట్లో ఆ రెండు ముక్కలనూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టింది. రెడ్డియార్‌పాళయంలో నోటుపుస్తకాల షాపు మూసి వచ్చిన ఆమె భర్త నరేంద్రన్ వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొంచెం పసుప్పచ్చగా ఉండాది. దీనికోసరమా నువ్వు అన్నం తినకుండా కూచోనుండేది?"

"ఊఁ."

"ఆ తలుపు మెత్తగుంటే ఎవురన్నా చస్తారా?"

"చావరు. సొట్ట పడతాది, అంతే."

"అంతే కదా. సంతకం పెట్టేసి ఊరకుండు. పన్నెండేండ్లుగా ఆ సంతకం ఆ సంతకం అంటాండావ్."

"నేను కొలిచింది ఇరవై నాలుగు."

"దామోదరన్ అన్న కొలిచింది ముప్పై ఏడు. ఆయన ఇబ్బంది ఏందో ఆయనకి. ఆయన్ని యాడికి ఈడుస్తావ్ ఇప్పుడు?"

"ఆయన్ని ఏం చెయ్యను. అంకె సరిచేస్తా. అంతే."

నరేంద్రన్ ముక్కలను పక్కకు జరిపి, ఆమె ముందు కంచం పెట్టాడు.

గురువారం పదకొండు గంటలకు కారు కంపెనీ తరపున యోగిత వచ్చింది. ముప్పై దాటి ఉండదు. భుజాన లాప్‌టాప్ సంచి, కాళ్ళకు ఫ్యాక్టరీల్లో వేసుకునే బరువు బూట్లు. విజయరంగన్ గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. తలుపు పక్కన స్టూలు మీద, పిలిస్తే లేచేందుకు సిద్ధంగా, దామోదరన్. కాఫీలు వచ్చాయి. విజయరంగన్ రిపోర్టును ముందుకు జరిపాడు. సగటు ముప్పై ఏడు. పరీక్ష చేసినవారు అన్నచోట తిలకవతి పేరు అచ్చయి ఉంది. పక్కన ఖాళీ.

"సంతకం పెట్టు," అని పెన్ను మూత తీసి ఇచ్చాడు.

తిలకవతి పెన్ను తీసుకుని బల్ల మీద పెట్టింది. బ్యాగులోంచి రుమాలు తీసి విప్పింది.

"మేడం, ఈ రెండూ ఒకే రేకులోంచి కోసినవి. ఈ నాలుగో నంబరు నేను చేశాను. నాకు వచ్చింది ఇరవై నాలుగు. ఈ రెండో నంబరు ఇప్పుడు రిపోర్టులో ఉన్న పరీక్షలోది. రంగు చూడండి."

యోగిత ముక్కలు రెండూ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. చాలాసేపు వాటిని వెలుతురుకు తిప్పుతూ చూసింది.

"ఇది నూట డెబ్బైలో పెట్టింది కాదే. రెండు వందల ఇరవై ఉంటుందా?" అంది, ఎవరినీ ప్రత్యేకంగా అడగకుండా.

"ఉంటుంది," అన్నాడు దామోదరన్ స్టూలు మీద నుంచి. పని గురించి ఎవరేం అడిగినా ఆయన నోరు ఊరుకునేది కాదు.

విజయరంగన్ మెల్లగా ఆయన వైపు తిరిగాడు.

"ఓవెన్ మీరు పెట్టారా?"

"నేనే సార్."

"నూట డెబ్బై అని చెప్పాను గదా? అంకె కనబడలేదా మీకు? ఈ వయసులో కళ్ళు సరిగా లేకపోతే ముందే చెప్పాలి గదా దామోదరన్. ఎంత పెద్ద తప్పు ఇది!"

దామోదరన్ ఆయనను చూశాడు. తరవాత తిలకవతిని చూశాడు. ఆమె బల్ల మీద పరిచిన రుమాలును చూస్తోంది.

"అవును సార్. కనబడలేదు," అన్నాడు.

"చూశారా మేడం? పెద్దాయన. మంచి పనివాడే. వయసు." విజయరంగన్ రిపోర్టును తన వైపు లాక్కుని ముప్పై ఏడును అడ్డంగా కొట్టేశాడు. "తిలకవతి రీడింగే అసలైనది. ఇకమీదట ఈ పరీక్షలన్నిటికీ సంతకం ఆమెదే. నేనెప్పుడో తీసుకున్న నిర్ణయం ఇది."

యోగిత వచ్చి కూర్చుంది. "మీ ఆరు ముక్కలూ ఓవెన్‌లో మీరే పెట్టారా?"

"నేనే మేడం."

"ఇరవై నాలుగు. కచ్చితంగా?"

"కచ్చితంగా."

యోగిత ఆమెను సూటిగా చూసింది. "ఈ విషయంలో ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

విజయరంగన్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు. దామోదరన్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఓవెన్ చూసుకుని చెయ్యి అని విజయరంగన్ అన్న మాట తిలకవతి గొంతు దాకా వచ్చింది. కొట్టేసిన అంకె పక్కన విజయరంగన్ ఇరవై నాలుగు అని రాస్తున్నాడు. పన్నెండేళ్ళలో తన అంకె ఒకటి ఇలా నిలవడం ఆమె చూడలేదు.

"లేదు మేడం," అంది.

"సరే. ఇరవై నాలుగైతే ఇబ్బంది లేదు. పాసే."

విజయరంగన్ తలెత్తాడు. "ముప్పై అయిదు గదా కావలసింది?"

"ఆ రేకును బయటి తలుపుకు వాడటం మానేశాం సార్. లోపలి భాగానికి మార్చాం. ఇరవై ఉంటే చాలు. పోయిన వారమే మెయిల్ పంపాం. చూడలేదా మీరు?"

విజయరంగన్ ఫోను తీసి వేలితో పైకీ కిందికీ తోశాడు. "ఆఁ, ఉంది మేడం, ఉంది. చూడటం కుదరలేదు." నవ్వాడు. "మంచిదే అయింది. అంతా మంచికే."

యోగిత కూడా మర్యాదకు నవ్వింది. తిలకవతి రిపోర్టు మీద సంతకం పెట్టింది. దామోదరన్ లేచి వచ్చి, బల్ల మీది రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి ట్రేల్లో పెట్టేదా సార్?" అని అడిగాడు.

శుక్రవారం ఆయన రాలేదు. తిలకవతి ఓవెన్ వేసి, యంత్రం తుడిచి, తొమ్మిదిన్నర దాకా తలుపు వైపు చూసింది. పదింటికి విజయరంగన్ తనే యంత్రం దగ్గరికి వచ్చాడు.

"దామోదరన్ ఇక రారు. నెలాఖరుకు ఎలాగూ అయిపోయేదే. కళ్ళు బాగాలేనివాణ్ణి పెట్టుకున్నామని కంపెనీవాళ్ళకు తెలిశాక ఎలా ఉంచుతాం? ఇంట్లో విశ్రాంతి తీసుకోమని చెప్పాను. పాపం, మంచి మనిషి." ఒక చిన్న అట్టపెట్టె ఆమె చేతిలో పెట్టాడు. అందులో ఆమె పేరుతో రబ్బరు ముద్ర ఉంది. "ఇక నీదే బాధ్యత."

ఆ రోజు మూడు రిపోర్టులు వచ్చాయి. మూడింటి మీదా ముద్ర వేసి సంతకం పెట్టింది. ఓవెన్ అంకె తనిఖీ చేసినవారు అన్న గడిలో ఎప్పుడూ దామోదరన్ పొడి అక్షరాలుండేవి. ఆ గడిలో కూడా తన పేరే రాసుకుంది.

ఆదివారం పొద్దున ఒర్లియంపేటలో దామోదరన్ ఇంటి మెట్లు ఎక్కింది. మొదటి అంతస్తు. తలుపు తీసే ఉంది. చేతిలో ఆయన ల్యాబులో వదిలేసిన వస్తువుల సంచి. టిఫిన్ డబ్బా, గ్లాసు, మైక్రోమీటరు తుడుచుకునే మెత్తటి తోలుముక్క.

ఆయన కిటికీ పక్కన చాప మీద కూర్చుని, భార్య పంకజవల్లి కోసం సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. దారం కొసను పెదవులతో తడిపి, మెలివేసి, ఒక్కసారికే ఎక్కించాడు. సూది ఆమెకు అందించి తలెత్తాడు.

"దా తిలకా," అన్నాడు తెలుగులో.

పంకజవల్లి ఒళ్ళో విప్పిన రవికె ఉంది. హుక్కులు కుడుతోంది. "కూచో అమ్మా. వస్తావనే అనుకుంటాండా. నిన్న ఈయన్ని కండ్ల డాక్టరు దగ్గిరికి పిల్చుకోని పొయినా. వద్దంటే ఇన్లేదు నేను. చూపు బాగుండాది, అద్దాలు గూడా మార్చే పన్లేదు అన్నాడాయన. మరి ఆపీసులో ఎందుకట్ట చెప్పినారు? ఈయన్ని అడిగితే నోరు తెరవడు. నువ్వు ఆడనే ఉంటివి గదా?"

తిలకవతి సంచిని చాప పక్కన పెట్టింది.

"కండ్లు బాగుండాయి వదినా. ఎక్కువ వేడిలో పెట్టమని సారే చెప్పినాడు. ముందు నన్నే అడిగినాడు. నేను కాదంటి. ఆమీట అన్నని పిలిచినాడు."

"ఈ మాట ఆ వచ్చినామె ముందర చెప్పితివా?"

"లేదు."

"నిన్ను అడగలేదా?"

"అడిగింది. ఇంగేమన్నా చెప్పేది ఉండాదా అని అడిగింది."

పంకజవల్లి చేతిలో సూది ఆగింది. వీధిలో ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేయడానికి తన్నుతున్నారు. మూడు నాలుగు తన్నులకు గాని అది అందుకోలేదు.

తిలకవతి బ్యాగులోంచి మడిచిన కాగితం తీసింది. రాత్రి కూర్చుని తమిళంలో రెండు పక్కలా రాసింది. "ఆ మేడానికి పంపిస్తా వదినా. నంబరుండాది నా దగ్గిర. ఏమైనా కానీ. చదువన్నా."

దామోదరన్ కాగితం తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. రెండు పక్కలా నింపాదిగా చదివాడు. ఒకచోట ఆగి, పై వరసకు పోయి, మళ్ళీ చదివాడు. పాత మడతల మీదే మడిచి తిరిగి ఇచ్చాడు.

"అన్నీ సరిగానే రాసినావు. యాడా తప్పులేదు."

"పంపేదా?"

"నువ్విది బేస్తారం చెప్పాల్సింది. ఆపొద్దు చెప్పుంటే అది నాకోసరం. ఈపొద్దు పంపితే నీకోసరం. పంపుకో. వద్దనను."

"నువ్వు చెప్పలేదే అన్నా! ఆయన మొగం మీదనే చెప్పుండచ్చు గదా నువ్వు?"

"నేను తప్పు చేసినోణ్ణి తిలకా. తప్పు చేసి, ఈయన చెప్పినాడని అంటే ఎవురింటారు?" ఆయన గొంతు పెంచలేదు. పనిలో ఏదో విడమరచి చెప్పేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. "ఆ గదిలో ఆపొద్దు ఇనే మాట నీదొక్కటే. అందుకే నీ తట్టు చూసినా."

ఆమె లేచి నిలబడింది. దామోదరన్ సంచి దగ్గరికి లాక్కుని, లోపలి వస్తువులు ఒక్కొక్కటీ తీసి చాప మీద పెట్టుకుంటున్నాడు. పంకజవల్లి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

మెట్ల మలుపులో తిలకవతి ఆగింది. కాగితాన్ని గోడకు ఆనించి విప్పి, ఫోనుతో ముందు ఒక పక్క, తరవాత రెండో పక్క ఫోటో తీసింది. యోగిత నంబరుకు రెండూ పంపింది. అవి చేరినట్టు స్క్రీను మీద గుర్తులు పడేదాకా అక్కడే నిలబడి చూసింది. తేలికగా ఉంటుందేమో అనుకుంది. ఏమీ అనిపించలేదు.

పైన చెప్పుల చప్పుడయింది. పంకజవల్లి దిగి వస్తోంది. తిలకవతి తలుపు దగ్గర మరిచిపోయిన హెల్మెట్ ఆమె చేతిలో ఉంది. ఫోనునూ, గోడకు ఆనించి ఉన్న కాగితాన్నీ చూసింది.

"పంపినావా?"

"పంపినా వదినా."

పంకజవల్లి హెల్మెట్ ఆమె చేతిలో పెట్టింది.

"సరి. పో," అంది.

పొయ్యిరా అనలేదు.